టంకం

చెంప ముందు చూడు, అనేవాడు గున్వాల్డిస్.
జుట్టూ తలకట్టూ తర్వాత.
గీత పడితే దాచుకోలేని చోటు చెంపే,
మనిషికైనా వెండికైనా.

లియెపాయాలో ఆఖరి ట్రాము వెళ్లిపోయాక
మందుల షాపు తెల్లకోటు విప్పేసి
ఎవరెవరివో నాణేల చెంపలు చూస్తాను ఫోన్లో.
రెండు వేళ్లతో లాగితే ముఖం పెద్దదవుతుంది.
ఇంకా లాగితే గళ్లు గళ్లుగా చెదిరిపోతుంది.
ఆ రెంటికీ మధ్య ఎక్కడో ఆగడమే నా పని.

కొత్తవాళ్లు మెరుపు చూసి పడిపోతారు.
అచ్చు దెబ్బకి పుట్టిన మెరుపైతే
నాణెం వంచినప్పుడు
బండిచక్రం ఆకుల్లా గిర్రున తిరుగుతుంది.
తోమిన మెరుపు కదలదు,
చెంచాలా అందరికీ ఒకేలా నవ్వుతుంది.
ఫొటోని వంచలేం, అదీ చిక్కు.

అందుకే చూపించనిది చదవాలి.
"అద్భుతమైన స్థితి" అని రాసి అంచు చూపించని వాణ్ణి,
"తాతగారి పెట్టెలోది" అన్నవాణ్ణి
(ఆ తాత మొన్న మంగళవారమే పుట్టి ఉండొచ్చు).
ఫొటో మసగ్గా ఉంటే అది ఫోను తప్పు కాదు,
చాలాసార్లు తెలివి.

ఒయార్స్ పంపాడు:
ఐదు లాట్ల బిళ్ల, పందొమ్మిది వందల ఇరవైతొమ్మిది.
ఇంకా పద్దెనిమిది గంటలుంది, పాడనా?
ఈ దేశంలో అందరూ పాడతారు,
ఒయార్స్ మాత్రం వేలంలోనే.

చెంప మీద ఒక్క గీత లేదు.
చెవి పైన జుట్టు మాత్రం మెత్తగా అరిగింది,
చేతులు మారిన అరుగు కాదు, ఉన్ని రాసుకున్న అరుగు.
బొరుసు వైపు, సరిగ్గా సింహం కాళ్ల దగ్గర,
దీపం పడి తెల్లటి మరక.
దీపాలు ఊరికే అక్కడ పడవు.

అమ్మే ఆవిడకి రాశాను: లైటు ఆపి కిటికీ దగ్గరికి రండి.
తూకం వేయండి.
ప్రెయిలి నుంచి టెక్లా అట,
పావుగంటలో వంటింటి త్రాసు ఫొటో పంపింది,
పళ్లెం అంచున పిండి, మూల బొటనవేలు.
ఇరవై అయిదు గ్రాములుండాల్సింది
ఇరవై అయిదున్నర ఉంది.

అరిగిన వెండి తగ్గాలి కదా,
ఇది పెరిగింది.

కిటికీ వెలుగులో దొరికింది,
పెసరగింజంత బూడిదరంగు మచ్చ ఒకటి,
ఎదురుగా ఇంకొకటి.
టంకం.
టంకసాలలో పుట్టినదాన్ని టంకమే చెడగొట్టింది.
నాణేనికీ అతుకుకీ ఒకటే పేరు పెట్టినవాడు
ఇలాంటిదేదో చూసే ఉంటాడు.

ఒయార్స్‌కి రాశాను: వద్దు. వెండి ధర దాటకు.
టెక్లాకి రాశాను: వెనక ఎప్పుడో పిన్ను అతికించారు,
వివరాల్లో ఆ మాట చేర్చండి, ధర పడిపోతుంది.

చాలాసేపు జవాబు లేదు.
తర్వాత వచ్చింది:
"మా పెద్దమ్మది. ఆ రోజుల్లో బయటికి పెట్టుకునేవాళ్లు కాదు.
కోటు లోపలి మడతకి గుచ్చుకునేది, ముఖం గుండె వైపుకి.
అతుకు తీసేయించింది నేనే,
బాగా కనిపిస్తుందని."

అందుకా చెంప మీద గీత లేనిది!
ఇన్నేళ్లూ దాన్ని గుడ్డ తప్ప ఏదీ తాకలేదు.
చెల్లని రూకకి గీతలెక్కువంటారు,
దీనికి చెల్లుబాటు పోయాక కూడా గీత పడలేదు.

అయినా గున్వాల్డిస్ పట్టికలో దీనికి గడి లేదు.
"పాడైనది" అన్న మాటే ఉంది.
నోటుబుక్కులో అదే రాశాను, కొట్టేయలేదు.

రెండు గంటలుందనగా వేలం తీసేశారు.
ఒయార్స్ ఫోన్ చేసి తిట్టాడు,
వెండి ధరకి వచ్చేదాన్ని చెడగొట్టానని,
నాణెం అడిగితే పెద్దమ్మని తవ్వానని.
నిజమే. అడిగింది తూకమే, ఇంకేదో వచ్చి పడింది.

ఒంటిగంట దాటింది.
ఇంకెవరిదో రూబుల్, దీపం కింద తీసింది.
చెంప బావుంది.
వెనక వైపు చూపించమని రాశాను.