మెట్ల మధ్య గుంతలు

డ్రమ్ములవాడి బాకీ తీర్చడానికి
నా ఎర్ర గిటారు ఏడో మామ దగ్గర తాకట్టు పెట్టాను.
ఏడో మామంటే నిజానికి ఆరో బిడ్డ.
మెకాంగ్ పాయల్లో పెద్దకొడుకుని కూడా రెండోవాడనే పిలుస్తారు,
ఒకటో అంకె మీద దయ్యాల కన్ను పడుతుందని.

వడ్డీ వద్దన్నాడు మామ.
"అప్పుడప్పుడూ తీసి చూసుకోనిస్తే చాల్లే ఖాంగ్."
చూసుకోవడమంటే ఏమిటో
నేనప్పుడు అడగలేదు.

మూడు నెలల తర్వాత డబ్బుతో పడవ దిగేసరికి
చూరుకింద వేలాడుతోంది గిటారు,
మెడ పొడవునా గుంతలు.
మెట్టుకీ మెట్టుకీ మధ్య చెక్కని
కొబ్బరి గీరినట్టు గీరేశారెవరో.
పడవలు చేసే వడ్రంగి.
సగంరోజు పని, రెండు సీసాల సారా.

నేనేమన్నానో ఇక్కడ రాయను.
పొరుగింటి బాతులు కాలవలోకి దూకాయి.

మామ ఆంపు దుమ్ము దులిపి
చేపల ఐస్‌పెట్టె మీద పెట్టాడు.
"తిట్టడమయ్యాక వాయించు."

వాయించాను, కోపంగా, నాకొచ్చిన తీరులోనే.
కాన్ థోలో సిమెంటు గోదాము కిటికీలు వణికించిన దరువే.
గట్టిగా నొక్కిన ప్రతి వేలూ శ్రుతి తప్పింది.
తీగ గుంతలో దిగబడి
తోక తొక్కిన పిల్లిలా అరిచింది.
మామ నవ్వలేదు. దానికే మరీ ఒళ్లు మండింది.
"గట్టినేల మీద పరిగెడుతున్నావురా,
ఇక్కడ నేలెక్కడుంది?
బురదలో అడుగేసినట్టు వెయ్యి వేలు."

బురద నాకు తెలుసు.
వేలు ఆనించాను. కొంచెం దించాను. ఇంకొంచెం.
స్వరం వంగింది.
తీగని పక్కకి లాగే వంపు కాదిది,
అది పన్నెండో ఏటే నేర్చాను.
ఇది లోపలికి.
నలుగురిలో ఏడవకూడదనుకున్న మనిషి
గొంతులో ఉండ మింగినట్టు.

ఆ సాయంత్రం అత్త తద్దినం.
రేకుల పందిరి, చేపల పులుసు,
చుట్టుపక్కల లంకలన్నిట్నించీ చుట్టాలు.
పాడే థామ్ పొద్దున్నంతా రేవులో రొయ్యలు తూస్తుంది,
చేతులు ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన పోదు.
నా గిటారు మీద అంటించిన పుర్రె బొమ్మని
ఓ ముసలామె వేలితో తడిమి
"పాపం, చిక్కిపోయాడు" అంది.
"మా నాన్న నాటకాల జట్టులోనూ ఉండేదిలాంటిది, నీలంది.
వానొస్తే కరెంటు కొట్టేది."

మా అమ్మ చెవులు మూసుకున్న వాయిద్యం.
పోలీసు రెండుసార్లు తీగ పీకిన వాయిద్యం.
నేనే కనిపెట్టాననుకుని పొంగిపోయిన వాయిద్యం.
దీని బంధువులు నాకంటే ముందే
ఈ పందిళ్ల కింద తద్దినం భోజనాలు చేసెళ్లారన్నమాట.

మామ పాదం కింద చిన్న చెక్క.
టక్.
ఆ టక్కుకీ తర్వాతి టక్కుకీ మధ్య
ఒక పడవ రేవు దాటొచ్చు.
థామ్ మామూలుగా మాట్లాడుతున్నట్టే మొదలెట్టింది,
భర్త కోసం దీపం ఆర్పని ఎవరిదో కథ.
ఊపిరి తియ్యకుండా మాటమీద మాట
అవతలి ఒడ్డుదాకా తోసుకెళ్లి
ఆఖరి మాటని కిందికి జారవిడిచింది.
అది పడుతున్న చోట నా వేలుంది.
కాస్త ఆలస్యంగానే.

పందిరంతా ఒక్కసారి "ఆఁ" అంది.
ఎవరో నా నోట్లో వక్క పెట్టారు.

అందరూ లేచాక మామ
నా డబ్బు లెక్కపెట్టి తీసుకున్నాడు,
వడ్రంగి కూలీ నామీదే వేశాడు.
ఆపైన గొంతు తగ్గించి,
"అవునూ, కాలితో తొక్కితే ఉరిమే డబ్బా ఉండాలే నీ దగ్గర?
నాటకంలో నడేట్లో తుపానొస్తుంది.
ఇన్నేళ్లూ రేకు ఊపి నెట్టుకొచ్చాం."

డబ్బా కోసం ఆఖరి పడవెక్కాను.
మోటారు మోత, చీకటి, మోకాలి మీద ఎడమచెయ్యి.
వేలు నొక్కుతూనే ఉన్నాను,
ఎంత దిగితే
థామ్ ఆ మాట వదిలిన చోటు తగులుతుందో అని.