హెచ్చు పాట

నా పని గంట కొట్టడం.
బఫెలో నగరసభ, పదమూడో అంతస్తు.
మైకు దగ్గరికి ఎవరొచ్చినా మూడే నిమిషాలు.
రెండున్నరకి పసుపు దీపం, మూడుకి ఎరుపు,
అప్పటికీ ఆగకపోతే ఇత్తడి గంట.
పంతొమ్మిదేళ్లుగా ఇదే కొలువు.
చెవులు నావి, అభిప్రాయం నాది కాదు.

ఈ రాత్రి ఏడో అంశం:
కోల్‌రిక్ వీధి, నూట నలభై రెండు.
ముప్పై అడుగుల వెడల్పు, నూట పది లోతు.
ఇల్లు కాలిపోయి చాలా కాలమైంది.
నాలుగు సిమెంటు మెట్లు మాత్రం మిగిలాయి,
ఎక్కితే గాలిలోకి.
యజమాని పేరు దగ్గర: నగరం.

సీల్డు కవర్ల పాట.
నోరు విప్పకుండా పాడే పాట.
అందుకే ఇప్పుడు అందరూ నోళ్లు విప్పడానికి వచ్చారు.

మొదట ఒడెస్సా త్రెల్‌కెల్డ్, ఎనభై ఒక్కేళ్లు.
కాఫీ డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించింది:
పెట్రోలు రసీదులు.
"ఇరవై రెండు వేసవులు మీ గడ్డి నేను కోశాను.
ఎలకలున్నాయని ఫోన్ చేస్తే
లైన్లో సంగీతం వినిపించారు.
మీ కాలిబాట మీద మంచుకి ఉప్పు చల్లింది నేను.
కొలార్డ్ ఆకుకూర వేసుకుంటే
మట్టిలో సీసం ఉందని నోటీసు అంటించి పోయారు.
సీసం ఉన్నన్నాళ్లూ నాది,
బేరం రాగానే మీదా?
మా ఆయన పోయిన ఏడాది కూడా..."

కొట్టాను.
ఆమె నన్ను చూడలేదు, గంటని చూసింది.

తరవాత మఫిజుల్ తాలుక్‌దార్.
సిల్హెట్ నుంచి క్వీన్స్, క్వీన్స్ నుంచి ఇక్కడికి.
"నేనేం దొంగిలించలేదు. రమ్మన్నారు, పాడాను.
ఆరువేల రెండొందలు, టాక్సీ డబ్బు.
ఆ మెట్లకి ఇవతలి ఇల్లు నాది.
కొన్నప్పుడు పైకప్పు లేదు,
మొదటి చలికాలం కోట్లు తొడుక్కునే పడుకున్నాం.
కొత్తవాడివి అంటున్నారు.
పాతవాళ్లు తలుపులకి చెక్కలు కొట్టి పోయాకే కదా నేనొచ్చాను?"
అతని సిల్హెటీని కూతురు ఇంగ్లీషులో పెడుతుంటే
మూడు నిమిషాలు ఒకటిన్నర అయ్యాయి.
దీనికి నిబంధన ఏమిటో పుస్తకంలో వెతికాను.
లేదు.
కొట్టాను.

మూడోవాడు లాయరు, హార్న్‌బీమ్ హోల్డింగ్స్ తరఫున.
ఆ వరసలో పద్నాలుగు స్థలాలు ఒకే కవరులో,
ఒక్కోదానికీ పదిహేనువేలు.
నలభై సెకన్లలో ముగించి ఫోను చూసుకున్నాడు.
డబ్బున్న మాటకి గంటతో పని లేదు.

"న్యాయమైన ధర అంటే ఎంత?" అడిగాడు ఒక సభ్యుడు,
ఎన్నికలు దగ్గర్లో ఉన్నవాడు.
మదింపు అధికారి కళ్లజోడు సర్దుకున్నాడు:
"పక్క స్థలం ఎంతకి పోతే అంత."
"పక్క స్థలం ధర ఎందుకు పెరిగింది?"
"వీధి బాగుపడింది సార్."
ఎవరు బాగుచేశారని ఎవరూ అడగలేదు.
అడగవలసినవాళ్ల సమయం అయిపోయింది.
ఆమె కోసిన గడ్డీ, అతను కప్పిన కప్పూ
కలిసి ఇద్దరికీ అందనంత ఎత్తుకి
ఆ నేలని ఎత్తి పెట్టాయి.

ఓటు రెండు వారాలకి వాయిదా.

బస్టాపులో మళ్లీ కనిపించారు.
మంచు అడ్డంగా పడుతోంది.
ఆమె డబ్బా అతని చంకలో ఉంది,
ఆమె చేతికర్ర గాలిలో గీత గీస్తోంది,
అతను తల అడ్డంగా ఊపుతున్నాడు.
కూతురు ఇద్దరి మధ్యా అలసిపోయి తర్జుమా చేస్తోంది:
కంచె మెట్లకి అటువైపా, ఇటువైపా!
ఇద్దరిదీ కాని నేల మీద
ఒక్క అడుగు కూడా వదులుకునేట్టు లేరు.
నలభై సెకన్ల లాయరు కారు
వాళ్ల ముందునుంచే పోయింది.
చూడలేదు.

నేను మళ్లీ పైకెళ్లాను, మినిట్స్ రాయాలి.
బల్ల కింద ఒక రసీదు పడి ఉంది:
రెండువేల మూడు, జూన్ పద్నాలుగు,
ఒక గాలన్, డాలరున్నర.
సిరా దాదాపు పోయింది.
ఏ ఫైలులో పెట్టాలో తెలియక
గంట కింద పెట్టాను, ఎగిరిపోకుండా.