కళాయివాడి శుక్రవారం

గిన్నె తిరగేసి చూస్తే చాలు,
ఇంటి అడ్రసు అక్కర్లేదు నాకు.

నలభై రెండేళ్లుగా కాన్‌స్టంటీన్‌లో,
లోయ అంచున, వంతెన నీడ పడే కొట్లో
చిల్లుల గిన్నెలకి కళాయి పూస్తున్నాను.
కింద కుండలో పులుసు కుతకుతలాడుతుంటే
పైన ఆవిరికి కుస్కుస్ ఉడికే గిన్నెలు.
అడుగంతా చిల్లులే,
అయినా ఒక్క రవ్వ కిందికి జారదు.
ఎందుకు జారదని చిన్నప్పుడు అడిగితే
మా మేస్త్రీ నెత్తిన ఒకటి మొట్టాడు.
అదే జవాబనుకున్నాను.

చిల్లు అంచుని ఉప్పు తెల్లగా కరిచి ఉంటే
జీజెల్ రేవు నుంచి వచ్చిన గిన్నె.
పులుసులో చేప,
చేప దొరకని రోజు చేప గురించి తగువు.

ఆలివ్ నూనె వాసన ఎంత తోమినా వదలకపోతే
కబీలీ కొండలవాళ్లది.
చిక్కుళ్లూ క్యారెట్లూ రవ్వతో పాటే ఆవిరికి మగ్గుతాయి,
పులుసు ఊసే ఉండదు.
"పులుసు లేకుండా ఎలా మింగుతారమ్మా?" అన్నాను.
"నీకు నమలడం రాదా?" అంది జోహర్.

దాల్చినచెక్క, ఎండుద్రాక్ష మరకలా,
పడమటి నుంచి వచ్చిన కోడలు.
అత్తగారు అది భోజనమే కాదంటుంది,
రాత్రి రెండుసార్లు వడ్డించుకుంటుంది.

నల్ల కుస్కుస్ ఉంది, చూశారా,
పాతరలో తడి తగిలి పులిసిన గోధుమది.
ఆ ఆవిరి లేస్తే
పొరుగువాళ్లు ముక్కు మూసుకుంటారు,
ఇంటివాళ్లు కళ్లు మూసుకుంటారు.

ఎడారివాళ్ల గిన్నెలు నా దాకా రావు.
వాటి గురించి చెప్పను.

మా అమ్మ, యుద్ధం ఏడాది,
ఓక్ కాయలు దంచి, ఆ పిండే చుట్టింది.
ఆ గిన్నె ఎటు పోయిందో.
ఉన్నా పోల్చలేను,
చేదుకి మరక ఉండదు.

పోయిన నెల సీ దెర్రాజి వచ్చాడు.
బల్లమీద గిన్నె పెట్టి "ఎప్పటికి?" అన్నాడు.
"గురువారానికి."
అంతే మాట్లాడుకున్నాం.

సగం చిల్లులు పూడిపోయాయి,
ఎండిన రవ్వ రాయైంది.
ఆవిరి పక్కలకి పోకుండా
పిండి అద్ది చుట్టిన గుడ్డపేలిక
అంచుకే బిగుసుకుపోయి ఉంది.
నీలం పూలది, ఏ పాత గౌనుదో.
పీకి పారేశాను.
మేకుతో ఒక్కో చిల్లూ పొడిచి,
నిప్పులమీద తిప్పి, నవాసారం చల్లి,
తగరం కరిగించి దూదితో తుడిచాను.
అద్దంలా వచ్చింది. కాస్త గర్వపడ్డాను కూడా.

గురువారం ఆయన లోపలికి చాలాసేపు చూశాడు.
"ఇది మాది కాదు," అన్నాడు.
అడుగున సొట్ట చూపించాను.
సొట్టని వేలితో తడిమాడు.
"పేలిక ఏది?"

ఉమ్మెల్‌ఖీర్ పోయి నలభై రోజులు
మొన్ననే దాటాయని
అప్పుడు చెప్పాడు పక్క కొట్టు కుర్రాడు, నా చెవిలో.
చెత్త ఎత్తేసి మూడు రోజులైంది.
డబ్బు వద్దన్నాను.
చిల్లరతో సహా లెక్కపెట్టి వెళ్లాడు.

నిన్న శుక్రవారం. నమాజయ్యాక
మూసిన తలుపు ఎవరో కాలితో తన్నారు.
రెండు చేతులా గిన్నె పట్టుకుని సీ దెర్రాజి.

మెతుకు పట్టి చూసి చెప్పే వంట కాదిది.
మూడుసార్లు ఆవిరి పట్టాలి,
దించిన ప్రతిసారీ నీళ్లు చిలకరించి
అరచేతుల మధ్య విడదీయాలి.
ఆయన ఒక్కసారే పట్టాడు.
అన్నీ ఉండలు, కొన్ని గోళీకాయలంత.
గుమ్మడికాయ పచ్చి.
శనగలు పళ్లకి ఎదురు తిరిగాయి.

"ఏ ఊరి పద్ధతండీ ఇది?"
ఆయన నిజంగానే ఆలోచించాడు.
"ఇంకా ఊరు లేదు దీనికి," అన్నాడు.

గిన్నె అంచున కొత్త పేలిక,
గోధుమరంగు చారలది.
చొక్కా కింది అంచు చిరిగి ఉంది,
కోటు గుండీ పెట్టి దాచుకున్నాడు.

ఈసారి కళాయికి తెస్తే
పేలిక విప్పి పక్కన పెడతానన్నాను,
నోట్లో ఉండ ఇంకా నలగక.
ఏం వినపడిందో, చెంచాతో మరికాస్త వేశాడు.