కుడి కన్ను

బర్కాస్‌లో, రేకుల షెడ్డు కింద
మేకలు దాని బానెట్ మీదికెక్కి పండుకునేటివి.
రెండే తలుపులు. ఒకప్పుడు ఎరుపు.
జెద్దా నుంచి ఓడెక్కి వచ్చిందట, స్టీరింగ్ ఎడమ దిక్కు.
తెచ్చినాయన పోయిండు, కొడుకులకు అండ్ల కాళ్లు పట్టలేదు.
స్విచ్ నొక్కితే పైకి లేచే దీపాలు.
ఎడమది లేచింది.
కుడిది లేవలేదు.
నాకే కన్ను కొట్టిందనుకొని
బేరం కూడా సరిగ్గా ఆడలేదు.

నాకు నలభై మూడు. కరెంటాఫీసు, బిల్లుల సెక్షన్.
ఎవరి మీటరు ఎంత తిరిగిందో రాసి రాసి
నా ముల్లు ఎన్నడూ నలభై దాటలేదని
ఎవరితో చెప్పుకోను?

సాబిర్ భాయ్ షెడ్డు ముషీరాబాద్‌లో, కట్టెకోత మిషన్ సందులో.
చుట్టూ ఒకసారి తిరిగి, కింద ఒకసారి దూరి,
చేతులు తుడుచుకుంటూ అన్నడు:
"పహ్లే బ్రేక్, మేడం. ఇంజన్ బాద్ మే."
గుర్రం సంగతి అడగొస్తే
కళ్లెం సంగతి చెప్తడేంది అనుకున్న.

నాలుగు నెలల ఆదివారాలు, ఊడబీకుడే.
పక్కనే ఇనుపసామాను సాయిలు కాంటా.
తీసిన ప్రతిదీ దాని మీద పెట్టి చూసేదాన్ని.
వెనక సీటు, పద్నాలుగు కిలోలు.
ఏసీ, పైపులతో సహా, ఇరవై రెండు.
తివాచీ, దాని కింది జిగట నల్ల అట్టతో కలిపి, పదకొండు.
పాటల డబ్బా, స్పీకర్లు: తొమ్మిదికి కొంచెం తక్కువ.
సీటు కింద దొరికినవి తూకం వేయలేదు:
రెండు ఖర్జూరం గింజలు,
అరబ్బీ అంకెల పార్కింగ్ చీటీ,
పసిపిల్ల గాజు, ప్లాస్టిక్‌ది, ఆకుపచ్చ.
మళ్లీ డాష్‌బోర్డు అరలోనే పెట్టిన.
గ్రాము కూడా ఉంచొద్దన్న మనిషి
చూసి, చూడనట్టు స్పానర్ వెతుక్కున్నడు.

బాలానగర్‌లో సోమాచారి పైపులు వంచి
లోపల పంజరం కట్టిండు.
హెల్మెట్ పెట్టి నన్ను కూచోబెట్టి
నెత్తి మీద నాలుగు వేళ్ల సందు ఉంచి సుద్దగీత గీసిండు.
పెళ్లి జాకెట్టుకు కూడా నన్నెవరూ ఇంత శ్రద్ధగా కొలవలేదు.
రాణిగంజ్‌లో కొత్త ప్యాడ్లు, కొత్త గొట్టాలు.
టైర్లు మాత్రం మామూలువే:
"తొందరగా జారితే తొందరగా తెలుస్తది."
కుడి దీపం మోటారు ఎంతకూ కదల్లేదు.
పగలే కదా నడిపేది, వదిలేసినం.

ట్రాక్ శంషాబాద్ దాటినంక.
మే నెల. తారు మీద గాలి నీళ్లలెక్క వణుకుతున్నది.
నేర్పే పిల్ల ప్రిసిల్లా, బొల్లారం, ఇరవై రెండేళ్లు.
"ఆంటీ, రోడ్డు కాదు, మలుపు అవతల చూడండి."
ఆంటీ అన్నందుకు
కావాలనే కొంచెం గట్టిగా తొక్కిన.

అందరూ దాటిపోయిండ్రు.
కాలేజీ పిల్లలు, ఒక పండ్ల డాక్టరు,
పసుపుపచ్చ చిన్నకారులో ఎవరో తాత.
నీలం జెండా నా కోసమే కుట్టించినట్టు ఊపిండ్రు.
మూడో రౌండ్‌లో బ్రేకు తొక్కితే
బండి ముక్కు వంచి
ఎక్కడ కావాలంటే అక్కడ, ఎంత కావాలంటే అంత.
ఆఫీసులో, ఇంట్లో, అంబర్‌పేట సిగ్నల్ కాడ
ఇన్నేండ్లు ఆగుతనే ఉన్న,
ఆగుడు ఇట్ల కూడా ఉంటదని తెల్వదు.

ఐదో రౌండ్, నాలుగో మలుపు. ఎక్కువైంది.
చక్రం ఎర్ర తెల్ల అంచు మీదికెక్కి దబ్బున దిగింది.
అరలోని గాజు ఎగిరింది. ప్రిసిల్లా "యేసయ్యా" అన్నది.
ఎదుట, కుడివైపు,
రేకు రెప్ప లేచింది.

లేచింది, ఇక మూసుకోదు.
సాబిర్ భాయ్ గుద్దిండు, నూనె పోసిండు, తిట్టిండు.
"అబ్ యే సోయేగీ నహీ, మేడం."

ట్రాలీ మీద తెస్తుంటే
ఆరాంఘర్ చౌరస్తాలో, బస్సు కిటికీలోంచి ఒక పోరడు
బండికి తిరిగి కన్ను కొట్టబోతున్నడు.
ఒకటి మూయబోతే
రెండూ మూసుకుపోతున్నయి వానికి.