చెవి గాటు

పాలమూరు పెద్దదవఖాన, కింది అంతస్తు, ల్యాబు.
నీ మోచేతి మడతల సూది గుచ్చింది నేనే, పెద్దనాయినా.
నరం దొరకలే. మూడోసారికి దొరికింది.
"గొర్రెకైతే ఒక్కసారికే గుచ్చుతుంటి" అన్నవ్.
నవ్విన.
స్కానింగు కాయితం అప్పటికే నా జేబుల ఉండె.

సార్ మాట నీకు అందది.
నీ మంద సార్‌కు అందది.
నడుమ నేను.

మన గొర్లకు కుడి చెవికి రెండు గాట్లు, కొసకొకటి.
కోస్గి సంతల నాలుగు మందలు కలిసినా
చీకట్ల వేలుతోని తడిమి పట్టేటోనివి.
పెయ్యిల గూడ అంతే.
ఒక్కో కణం చెవి బయటికి పెట్టి నిలబడ్తది,
లోపల ఏం వండుకుంటున్నదో వాసన చూపిస్తది.
నెత్తురుల తిరిగే కాపరులు తడుముకుంట పోతయి:
మనదే, మనదే, ఇదీ మనదే.
చెవి దాచుకున్నదాన్ని చూస్తే
అడగకుంటనే చంపే కాపరులు గూడ ఉన్నయి.

నీకు జరమొచ్చిన ఏడాది యాదుందా?
ఆరెంపీ ఒక్క సూదితోని ఊరందరికి ఏసిండు.
ఆ సూదో, గడ్డం గీసిన కత్తో,
నాకు తెల్వదు. ఎవలకూ తెల్వదు.
వైరస్ నీ కార్జంల దిగింది.

తోడేలు కాదది. గొంతు పట్టలే.
గొర్రె లోపటికి పోయి, దాని మేతే మేసి
తన పిల్లల్ని కన్నది.
మనోళ్లు కనిపెట్టిన్రు. కొట్టిన్రు.
ఇక్కడ ఒక చేదు ముచ్చటున్నది, చెప్పాల్నా వద్దా అనుకున్న.
కార్జాన్ని కరాబు చేసింది ఎక్కువ అది కాదు,
దాని కోసం మనోళ్లు చేసిన కొట్లాట.
ముప్పై ఏండ్లు ఒకటే దొడ్డిల.
తొక్కిన కాడ గడ్డి రాలే, నేల గట్టిపడ్డది.
సచ్చినకాడికల్లా కొత్తవి పుట్టాలె, బిరాన పుట్టాలె,
బిరాన పుట్టినయాట్ల ఒకదానికి
ఆగుడు రాలే.

అది పరాయిది కాదు, పెద్దనాయినా.
కుడి చెవికి రెండు గాట్లు, కొసకొకటి.
కాపుకుక్క దగ్గరికొస్తే మెడ దువ్వుతది:
నేను మీదాన్నే, పండుకో.
కుక్క తోక ఊపి పండుకుంటది.
ఇప్పుడది ఆరు సెంటీమీటర్లు.

మందున్నదట.
గొర్రెను చంపేది కాదు, కుక్కను లేపేది.
అందరి కుక్కలూ లేవయట.
లేచింది ఒక్కోపాలి ఇంటోళ్లనే కరుస్తదట.
అన్నీ ఇన్నవ్.
"ఎన్ని గొర్లమ్మాలె?" అన్నవ్.
నేను ట్యూబుకు లేబులు అతికిస్తున్నట్టు
చాన సేపు నటించిన.

మర్నాడు ఇంటిల్లిపాదిని ఆటోల తెచ్చినవ్.
ఈదమ్మ పెద్దమ్మ, లింగన్న,
తొమ్మిదో నెల కడుపుతోని అనంతమ్మ వదినె.
ఒక్కొక్కరికి ఒక్కో కార్డు, ఒక్కో చుక్క, పావుగంట.
ఒక గీత పడితే బతుకు, రెండు పడితే మందు.
పెద్దమ్మకు ఒకటి.
వదినెకు ఒకటి. రెండోదాని కోసం చూసిన, చూసిన, రాలే.
లింగన్నకు రెండు.

"ఏటా ఎండాకాలం పశువుల డాక్టరు కాళ్లమీద పడి
మందకంత టీకాలేయిస్తి" అన్నవ్ ఎవలకో అన్నట్టు.
"పిలగాడు ఒక్కడున్నడని యాదికే రాకపాయె."
లింగన్న గోడమీది క్యాలెండర్ చూస్తుండు.
వదినె కడుపు మీద చెయ్యి తియ్యలే.
పుట్టిన ఇరవైనాలుగు గంటల్ల సూది పడాలె,
ఊరికి తీస్కపోవద్దు ఏసేదాక, అని చెప్పిన.
"పేరు తర్వాత పెట్టుకుందాం" అన్నవ్ ఎంటనే.

గొంగడి భుజాన ఏస్కొని లేచినవ్.
తలుపుకాడ ఆగి
నీ కుడి చెవి
నువ్వే తడిమి చూస్కున్నవ్.