మావా

మొదటిరోజే వాడు నన్ను వరస పెట్టి పిలిచాడు.
చర్చి వెనక రేకుల షెడ్డు,
గంజి గిన్నెలు బోర్లించే వేళ.
చొక్కా అంచు పట్టుకుని
"మావా?" అన్నాడు.

ఐదేళ్లుంటాయేమో లింబానీకి.
మోకాలి మీద పెచ్చు కట్టిన పుండు,
చేతిలో ప్లాస్టిక్ సంచులు చుట్టి చుట్టి
తాడు బిగించిన బంతి.
మలావీలో, చిల్వా సరస్సుకి ఇవతల,
మేనమామనయ్యాను నేను.
మా ఇంట్లో ఉన్న ఒక్క అక్కకీ పిల్లల్లేరు.
"ఏరా అల్లుడూ" అన్నాను.
వాడికి అర్థం కాలేదు, నవ్వాడు.
నాకూ అర్థం కాలేదని నాకింకా తెలీదు.

పది వారాలకని వచ్చినవాణ్ణి.
బందరు గోడౌనులో పద్దులు రాసే చేయి
ఇక్కడ కట్టెల పొయ్యి ముందు
మొక్కజొన్నపిండీ సోయాపిండీ
ఉండకట్టకుండా కలపడం నేర్చుకుంది.
నేర్పింది ఎనెలేసి అమ్మ,
నా చేతి మీద చేయి వేసి కాదు,
నా చేతిలోంచి గరిట లాక్కుని.

పిల్లలు ముప్పై ఎనిమిది. కప్పులు ముప్పై ఒకటి.
ముందు తాగినవాళ్లు కడిగిస్తే
తర్వాతివాళ్లకి.

మంగళవారం నర్సు వస్తుంది,
జబ్బకి చుట్టే మూడురంగుల టేపుతో.
జియోనే జబ్బ పసుపు దగ్గర ఆగింది.
వాళ్ల అవ్వ ఆ రంగు చూసి ఏమీ అనలేదు.
నడుముకి చుట్టిన చితెంజే గుడ్డ విప్పి
మళ్లీ గట్టిగా బిగించుకుంది.

నాలుగోవారం గోడకి రంగేస్తానన్నాను.
నీలం గీకితే కింద పసుపు,
పసుపు కింద ఆకుపచ్చ,
దాని కింద ఒక జిరాఫీ మెడ,
మెడ పక్కన సంతకం, చెరిగిన తేదీ.
నాకంటే ముందొచ్చినవాళ్లందరూ
ఈ గోడకే రంగేసి వెళ్లారు.
కారే కప్పు జోలికి ఎవరూ పోలేదు.
నేనూ బ్రష్షు తడిపాను.
అప్పటికే డబ్బా కొనేశాను మరి.

సాయంత్రమైతే అదే పిలుపు.
లింబానీ ఒక్కడే కాదు, గుంపు గుంపంతా,
"మావా? మావా?"
"ఆఁ ఆఁ, ఉన్నాన్రా, ఎక్కడికి పోతాను"
అనేవాణ్ణి తెలుగులోనే.
ఒకరాత్రి అక్కకి ఫోన్ చేసి చెప్పాను.
అక్క చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత,
"ఎలా పిలుస్తారో ఒక్కసారి వినిపించవూ" అంది.

తొమ్మిదోవారంలో
సైకిల్ మీద పిండి బస్తా తెచ్చిన కుర్రాడు
చెమట తుడుచుకుంటూ చెప్పాడు:
"మావా అంటే రేపు.
రేపొస్తావా అని అడుగుతున్నారు నిన్ను."

రేపు.

ఇన్ని సాయంత్రాలూ
వాళ్లు నన్ను చుట్టం చేసుకోలేదు.
నమ్మకం కుదరక వాకబు చేశారు.

ఆ పూటే మొదటిసారి చూశాను:
ఎనెలేసి అమ్మ తాళం వేసి బయల్దేరుతుంటే
ఒక్కరూ ఆ మాట అడగరు.
పదమూడేళ్లుగా, వానలో, మలేరియా వణుకులో,
సొంత కొడుకుని మట్టిలో పెట్టిన మూడోనాడు కూడా
వచ్చి పొయ్యి ముట్టించిన మనిషి.
ఆమె వెళ్తుంటే తల కూడా ఎత్తరు.
బంతి వెంట పరిగెడుతూనే ఉంటారు.

చివరి శుక్రవారం
మిగిలిన డబ్బుతో నాలుగు రేకులు కొన్నాను,
ఏడు కప్పులు కొన్నాను.
సోమవారం ఇంకో ఇద్దరు పిల్లలు చేరుతున్నారని
అప్పుడు చెప్పింది ఎనెలేసి అమ్మ.

లింబానీ చొక్కా అంచు పట్టుకున్నాడు.
"మావా?"

కాదనడానికి వాళ్ల భాషలో చిన్న మాటే ఉంది.
రెండు రాత్రులు గోడకేసి తిరిగి నేర్చుకున్నాను.
అన్నాను.
వాడు కాసేపు నా మొహం చూశాడు,
అంచు వదిలేశాడు,
గిన్నెలు బోర్లిస్తున్న చప్పుడు వైపు
నడుచుకుంటూ పోయాడు.

అక్క ఇప్పటికీ అడుగుతుంది,
అల్లుడెలా ఉన్నాడురా అని.
ఆ మాటకి అర్థం ఆమెకింకా చెప్పలేదు.
రేపు చెప్తాను.