లెక్క లేని రోజు

ఆధార్‌లో మస్తాన్‌బీ పుట్టింది జనవరి ఒకటిన,
మిర్చి యార్డులో తొడిమలు తీసే సగం మందిలాగే.
"అబద్ధం" అంటుంది. "నేను ఎండాకాలం దాన్ని.
వడగళ్లు పడ్డాయంట. మా అమ్మ నొప్పులు పడుతుంటే
ఆరబోసిన కాయల మీద పట్టాలు కప్పడానికి
మంత్రసాని కూడా పరిగెత్తిందంట."
ఏ ఏడు?
"ఉప్పెనొచ్చిన రెండేళ్లకో, మూడేళ్లకో."

బ్రాడీపేట నాలుగో లైన్లో, చప్పుడు చేసే ఫ్యాను కింద
స్టేషను నంబరు కొట్టాను, మార్చి నుంచి మే దాకా అడిగాను.
నల్ల తెర మీద చీమలబారులా దిగాయి రోజులు.
నలభై ఒకటి. నలభై రెండు. వాన సున్నా. సున్నా.
నలభై మూడున్నర:
ఆ మధ్యాహ్నం ఎవరో
తెల్ల పెట్టె తలుపు తీసి
పాదరసం ముందు కళ్లు చిట్లించుకొని నిలబడి ఉంటారు.

రెండే వానలు దొరికాయి.
ఒకటి మార్చి మొదట్లో. "అప్పటికి ఎండలేవీ?"
ఇంకొకటి రెండు మిల్లీమీటర్లు.
"దానికి మంత్రసాని పరిగెత్తదు."

మే తొమ్మిదికి ఎదురుగా
మైనస్ తొమ్మిది వందల తొంభై తొమ్మిది.
"అంత చలా?"
కాదమ్మా, ఆ రోజు లెక్క లేదని. ఎవరూ రాయలేదు.

గోళ్ల సందున కారం ఇంకిన వేలితో
ఆ గడిని గట్టిగా నొక్కింది.
"ఇదే. రాసేవాడు కూడా
పట్టాలు కప్పడానికే పోయుంటాడు."

ఘాటుకి నాకు తుమ్మొచ్చింది.
"చూశావా, నిజం!" అంది.